ఇటార్సీకి వెళ్ళిన జంపఖానాలు

నా ఉద్యోగ జీవితంలో చాలా భాగం నేను వరంగల్లులో కుర్చీలో కూర్చునే నాగపూర్‌లో, ఇటార్సీలో, కాన్పూర్‌లో, గౌహతిలో గడిపాను. వాటిలో ఏ ఒక్క ఊళ్ళోనూ నేను రైలు దిగలేదు. నా బల్ల మీదికి వచ్చే రైల్వే రసీదుల మీద ఆ ఊళ్ళ పేర్లు ఉండేవి. పేరు చదివితే చాలు, నాకు ఊరు కనబడేది. గౌహతిలో ఎప్పుడూ వానే. కాన్పూర్‌లో ఒక పొడవాటి ఇటుక గోడ, దాని నీడలో ఒక టాంగా. ఇటార్సీలో మాత్రం ఎందుకో ఎప్పుడూ సాయంత్రమే అయ్యేది, ప్లాట్‌ఫారం మీద ఎవరో రాగి చెంబుతో నీళ్ళు తాగుతూ ఉండేవారు. నేనలా చూస్తూ ఉండిపోతే మా హెడ్‌క్లర్క్ గారు పెన్సిలుతో బల్ల మీద టకటకలాడించి, "ఏ స్టేషన్ల ఆగినవమ్మా? సిగ్నల్ ఇయ్యమంటవా?" అనేవారు. బ్రాంచంతా నవ్వేది. నేను ఉలిక్కిపడి వరంగల్లుకు వచ్చేసేదాన్ని.

ఇప్పుడు బ్యాంకుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలకు ఈ రసీదుల సంగతి చెబితే నవ్వుతారు. నవ్వండి, నాకేం బాధ లేదు. మీరు వేలితో నొక్కితే డబ్బు ఇక్కడ మాయమై అక్కడ తేలుతుంది. మా రోజుల్లో, అంటే డెబ్బయ్యో దశకం చివర్లో, సరుకును రైలెక్కించినవాడికి రైల్వేవాళ్ళు ఒక కాగితం ఇచ్చేవారు. అవతలి స్టేషన్లో ఆ కాగితం చూపించినవాడికే సరుకు. అమ్మేవాడు దాన్ని నేరుగా కొనేవాడికి పంపితే, సరుకు విడిపించుకుని డబ్బు ఎగ్గొడతాడేమోనని భయం. ముందే డబ్బు పంపితే అసలు సరుకే రాదేమోనని కొనేవాడి భయం. అందుకని ఆ కాగితాన్ని బ్యాంకు చేతిలో పెట్టేవారు. నేను దాన్ని అక్కడి మా బ్రాంచికి పంపేదాన్ని. కొనేవాడు అక్కడ డబ్బు కట్టి, కాగితం తీసుకుని, స్టేషనుకు వెళ్ళి సరుకు తెచ్చుకునేవాడు. డబ్బు ఇక్కడ అమ్మినవాడి ఖాతాలో పడేది. ఒకరి ముఖం ఒకరు చూడని ఇద్దరు వ్యాపారులు, వాళ్ళ మధ్య ఒకరి ముఖం ఒకరు చూడని ఇద్దరు గుమాస్తాలు. దీన్నే బిల్లుల సీటు అనేవాళ్ళం.

ఆ సీటు నా గొప్ప చూసి ఇచ్చిందేమీ కాదు. మా బ్రాంచిలో చేరిన మొదటి ఆడపిల్లను నేను. క్యాష్ కౌంటర్లో కూర్చోబెడితే మార్కెట్ నుంచి వచ్చే జనం తోపులాటకు తట్టుకోలేనని మేనేజర్ గారు జాలిపడి, గోడవారగా, కిటికీ పక్కన, ఎవరికీ పెద్దగా పట్టని ఆ మూలకు వేశారు. ఆయనది కృష్ణా జిల్లా. మంచి మనిషి, కానీ రూల్ పుస్తకం పక్కన లేకపోతే మంచినీళ్ళు తాగడానికి కూడా జంకేవారు. మిర్చి సీజన్లో ఆ కిటికీ తెరిస్తే బ్రాంచి బ్రాంచంతా తుమ్మేది. ఆయన తుమ్మిన చోటల్లా సంతకం వంకర పోయేది, మళ్ళీ దాని పక్కన ఇంకో సంతకం పెట్టుకునేవారు.

నాకు మాత్రం ఆ మూల దొరకడం అదృష్టమే అనిపించింది. మాది కాజీపేట రైల్వే క్వార్టర్లు. నాన్న గూడ్స్ గార్డు. బువ్వ తినేటప్పుడు కూడా మా ఇంట్లో ఊళ్ళ పేర్లే వినబడేవి. పొద్దున్నే హన్మకొండ మీదుగా బస్సులో వచ్చి ఆ కాగితాల ముందు కూర్చుంటే, బండ్లు ఎక్కడి దాకా పోతాయో అక్కడి దాకా నేనూ పోయినట్టే ఉండేది. కిటికీలోంచి పత్తి బండ్లు కనిపించేవి, గాలికి దూది పింజలు లోపలికొచ్చి నా రసీదుల మీద వాలేవి. వాటిని ఊదుతూ కూర్చునేదాన్ని. దానికి కూడా జీతం ఇచ్చారు, ఏం చేస్తాం.

ఇటార్సీ బ్రాంచిలో నాకు జోడీగా ఒక గుమాస్తా ఉండేవారు. పేరు తెలియదు, కాగితాల కింద పొడి సంతకం మాత్రమే. అయితే ఆయన పంపే జాబితాల మార్జిన్లో పెన్సిలుతో, ఇంగ్లీషులో, ఏదో ఒక ముక్క ఉండేది. 'నిన్నటి నుంచి వాన.' 'మీ మిర్చి బస్తాలు దిగితే స్టేషన్లో కుక్కలు కూడా తుమ్ముతున్నాయి.' నేనూ ఊరుకునేదాన్ని కాదు. 'ఇక్కడి ఎండకు రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటోంది' అని రాసి పంపేదాన్ని. హెడ్‌క్లర్క్ గారు రబ్బరు తీసుకుని వాటిని చెరిపేస్తూ, "ఆడిటర్ చూసిండనుకో, నిన్నూ ఆయన్నూ ఒక్క బండిల ఎక్కిచ్చి పంపుతడు" అనేవారు. చెరిపే ముందు మాత్రం తప్పకుండా చదివేవారు.

ఒక ఎండాకాలం మొదట్లో మా వరంగల్లులోనే ఉన్న కొత్తవాడ నుంచి ఒక జంట వచ్చింది. జంపఖానాలు నేసేవాళ్ళు. ఆయనకు మా నాన్న వయసు ఉంటుంది. తలకు తువ్వాల, గోళ్ళ కింద నీలి రంగు. ఆమె ఆయన వెనకే నిలబడింది గానీ కౌంటర్ మీదున్న సీళ్ళనూ, లక్క కడ్డీనీ, గుండుసూదుల డబ్బీనీ కొనడానికి వచ్చినంత శ్రద్ధగా చూస్తోంది. కొత్తవాడలో అప్పటి పద్ధతి ఏమిటంటే, సేటు నూలు ఇస్తాడు, వీళ్ళు నేసి ఇస్తారు, సేటు తనకు తోచిన కూలి ఇస్తాడు. జంపఖానా ఏ ఊరికి పోతుందో, ఏ పెళ్ళిలో పరుస్తారో నేసినవాళ్ళకు తెలియదు. వీళ్ళ బంధువు ఒకాయన రైల్వేలో ఉద్యోగి, ఇటార్సీకి బదిలీ అయ్యాడు. ఆయన ఇంట్లో పరిచిన జంపఖానాను చూసి అక్కడి వ్యాపారి ఒకాయన ముచ్చటపడి, తన షాపు పేరు అచ్చేసిన కాగితం మీద నేరుగా వీళ్ళకే ఆర్డరు రాశాడు. మూడిళ్ళవాళ్ళు కలిసి, ఉన్నదంతా ఊడ్చి నూలు కొన్నారు.

"బిడ్డా, సేటు నవ్వుతాండు," అన్నాడు ఆయన. "ముక్కు మొకం తెల్వనోనికి గంత దూరం సరుకు తోల్తవా, పైసలు వచ్చినట్టే, అంటాండు. మల్ల నా గుమ్మం కాడికే వస్తరు, అప్పుడు కూలి నేను చెప్పిందే, అంటాండు. నిజంగ వస్తయా బిడ్డా పైసలు?"

నేను నా కాగితం ప్రయాణమంతా చెప్పాను. ఇలా అడిగేవాళ్ళు దొరకడమే అరుదు కాబట్టి కొంచెం ఎక్కువే చెప్పాను, ఇటార్సీ జంక్షన్ వర్ణన కూడా కలిపి. ఆయన తలాడిస్తూ విన్నాడు. ఆమె మధ్యలో ఆపింది.

"అంటే, గాయిన మమ్ముల్ని నమ్మకున్నా నడుస్తది. మేము గాయిన్ని నమ్మకున్నా నడుస్తది. గంతేనా?"

"గంతే పెద్దమ్మా."

"మరి మిమ్ముల్ని నమ్మాలె గద?"

హెడ్‌క్లర్క్ గారు తన సీట్లోంచే పెద్దగా నవ్వారు. "గదొక్కటి తప్పదక్కా!"

ఆ ఎండాకాలమంతా మూడిళ్ళలో మగ్గాలు ఆడాయి. ఒకసారి బ్యాంకు పని మీద కొత్తవాడ వెళ్ళినప్పుడు వాళ్ళ ఇంట్లోకి తొంగి చూశాను. ఆయన ఒకవైపు, ఆమె ఒకవైపు కూర్చుని, పేక నూలు దూర్చి, పంజాతో కొడుతున్నారు. పంజా అంటే ఇనుప పళ్ళున్న చేతి దువ్వెన. దాంతో కొడితే పోగు పోగును ఆనుకుని కూర్చుంటుంది. వాకిట్లో రంగు నూలు ఆరేసి ఉంది, ఎరుపు, నీలం, మధ్యలో పచ్చ. ఆ నీడలో నిలబడి పంజాల చప్పుడు వింటుంటే నాకు కాసేపు ఏ ఊరూ గుర్తుకు రాలేదు. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాను.

సరుకు గోనెల్లో కుట్టి రైలెక్కించాక ఆయన రసీదు తెచ్చి రెండు చేతులతో నా ముందు పెట్టాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఒక ముచ్చటున్నది బిడ్డా. గని ఇప్పుడు చెప్ప. గాయిన గోనె ఇప్పినంక సంబురపడుతడు చూడు, గప్పుడు చెప్త."

నేను కాగితాన్ని కవర్లో పెట్టి ఇటార్సీకి పంపాను. మార్జిన్లో పెన్సిలుతో 'ఇవి మామూలు మూటలు కావు, జాగ్రత్త' అని రాశాను. హెడ్‌క్లర్క్ గారు ఆ రోజు సెలవు.

ఇటార్సీ నుంచి వచ్చిన జవాబు మీద 'సొమ్ము చెల్లించడానికి నిరాకరించారు' అని ముద్ర ఉంది. బిల్లుల సీటులో అది కొత్తేమీ కాదు. ధరలు పడిపోయాయనో, సరుకు తడిసిందనో, ఏదో ఒకటి అని వెనక్కి తిప్పేవారు వ్యాపారులు. కానీ ఈసారి మార్జిన్ నిండా పెన్సిలు రాత ఉంది. ఇటార్సీ గుమాస్తా రాసింది ఇది: 'ఒక మూట మూల చిరిగింది. షెడ్డులో షాపతను చూశాడు. జంపఖానా అంచు మీద అతని తండ్రి పేరు నేసి ఉంది. షాపు ఆ పేరు మీదే నడుస్తోంది, తండ్రి పోయి ఏడాది కాలేదు. కొన్నవాళ్ళందరూ మా నాన్నను తొక్కుకుంటూ తిరుగుతారు, నేను డబ్బిచ్చి తొక్కించాలా, అంటున్నాడు. చెడ్డవాడు కాదు. నేనెంత చెప్పినా వినలేదు. రైల్వే గడువు దాటుతోంది, రోజూ బాడుగ పడుతుంది. ఏం చెయ్యమంటారు?'

నేను అది చదివి లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు. హెడ్‌క్లర్క్ గారు నా చేతిలోంచి కాగితం తీసుకున్నారు, రబ్బరు కోసం మాత్రం వెతకలేదు.

ముచ్చట అంటే అదన్నమాట. కొత్తవాడలో ఒక ఆనవాయితీ ఉంది. భజన మండలికో, బడికో జంపఖానా నేస్తే, చివరి అంచులో ఆ మండలి పేరో, ఇచ్చిన దాత పేరో అక్షరాలుగా నేస్తారు. అది వాళ్ళు చేసే మర్యాద. తన మీద నమ్మకంతో నేరుగా ఆర్డరు రాసిన మొట్టమొదటి మనిషికి ఆయన ఆ మర్యాదే చేశాడు. షాపు కాగితం మీద పైన పెద్ద అక్షరాలతో ఉన్నది పేరే కదా అనుకున్నాడు. హిందీ చదవడం రాదు కాబట్టి బొమ్మ గీసినట్టు గీతకు గీత చూసి, ప్రతి జంపఖానాకూ నేశాడు. అది ఒక చనిపోయిన తండ్రి పేరని ఆయనకు ఎలా తెలుస్తుంది?

కబురు పంపితే ఇద్దరూ వచ్చారు. మేనేజర్ గారి గదిలో కూర్చోమంటే కూర్చోలేదు. సంగతి చెప్పగానే ఆయన తువ్వాల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తొక్కుమని నేసిన్నా సార్ నేను? భజన కాడ పేరు మీద ఎవలన్న కాలు వెడ్తరా? పక్క పొంటి కూసుంటరు. గట్లనే అనుకున్న."

"అసలు పేరు నెయ్యమని అతను రాశాడా?" అని మేనేజర్ గారు అడిగారు, కోపంగా కాదు, దిక్కు తోచక.

"చెప్తె నేసేది కూలి సార్. ఇది చెప్పకుంట నేసింది."

మేనేజర్ గారు రూల్ పుస్తకం తెరిచారు. అందులో ఉన్నదల్లా ఒకటే: సరుకు వెనక్కి తెప్పించుకోమని పంపినవాడికి నోటీసు ఇవ్వాలి. రానుపోను రైలు కిరాయి, షెడ్డు బాడుగ అన్నీ వీళ్ళ నెత్తినే. వెనక్కి వచ్చినా ఎవరో పరాయి మనిషి పేరున్న జంపఖానాలను వరంగల్లులో ఎవరు కొంటారు? సేటు కొంటాడు, చింకి గుడ్డల లెక్కన. ఆ తర్వాత మూడిళ్ళవాళ్ళూ ఆయన నూలు తీసుకుని, ఆయన చెప్పిన కూలికి, ఆయన నవ్వు భరిస్తూ నేయాలి. ఇదంతా గదిలో ఉన్న అందరికీ అర్థమైంది.

అప్పటి దాకా గోడకున్న క్యాలెండర్ చూస్తూ నిలబడ్డ ఆమె, ఇటు తిరిగి, "అంచు కోసి ఇప్పితె పోతది గద," అంది.

ఆయన ఆమె వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. "నేసిందాన్ని ఇప్పుతవా? మా అయ్య జమాన్ల నుంచి మగ్గం దిగినదాన్ని ఇప్పింది లేదు మన ఇంట్ల."

"నీకు నీ అయ్య. గాయినకు గాయిన అయ్య," అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఇద్దరయ్యల నడుమ మూడిండ్ల పొయ్యిలు ఆర్పుతవా?"

పేరు నేసింది చిట్టచివరి అంచులో. కుచ్చుల ముడులు కోసి, పేకను ఒక్కో పోగూ గుంజుకుంటూ పేరు దాటేదాకా వస్తే, మళ్ళీ అక్కడ కుచ్చులు ముడేయవచ్చు. జంపఖానా జానెడు పొట్టిదవుతుంది, అంతే. అయితే అది చేతకానివాళ్ళు చేస్తే మొత్తం వదులైపోతుంది. వీళ్ళే ఇటార్సీ పోవాలి.

"కానీ అలా ఎలా కుదురుతుందమ్మా?" అన్నారు మేనేజర్ గారు నాతో. "బ్యాంకు చేతిలో ఉన్న సరుకును విప్పడమేమిటి? ఎక్కడుంది అలాగని?"

ఇక్కడ మా హెడ్‌క్లర్క్ గారి గురించి చెప్పాలి. నన్ను ఆటపట్టించడం, రబ్బరుతో చెరపడం తప్ప ఆయనకు వేరే పని లేదని నేను అనుకునేదాన్ని. ఆ రోజు ఆయన గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని, "సార్, ఒక్కటి అడుగుత. పైసలు వచ్చినయా? రాలే. అంటే సరుకు ఇంకా ఎవలది? ఈయనదే. తన సరుకును తనే ఇప్పుకుంట అంటాండు. మనమెవలం సార్ వద్దనెతందుకు? మన దగ్గరున్నది కాయితం. కాయితం కొసను ఎవలూ కోస్తలేరు గద," అన్నారు.

మేనేజర్ గారు పుస్తకంలో చాలాసేపు వెతికారు. దానికి అడ్డం వచ్చే వాక్యం దొరకలేదు. దొరకనందుకు ఆయన పడిన సంతోషం ముఖంలో కనిపించింది. వెంటనే ఇటార్సీకి ట్రంక్ కాల్ బుక్ చేశారు.

ఆ రోజుల్లో ట్రంక్ కాల్ అంటే బజారులో వేసే దండోరా. మేనేజర్ గారు తన హిందీలో "నామ్ నికాలేగా! నామ్! ఫాదర్ కా నామ్!" అని అరుస్తుంటే, కౌంటర్ ముందున్న పత్తి వ్యాపారులు, మిర్చి దళారులు అందరూ పని ఆపి విన్నారు. వినడమేమిటి, ఒకాయన హిందీ సరిచేశాడు కూడా. అవతలి నుంచి జవాబు వచ్చింది: షాపాయన ఒప్పుకున్నాడు. పేరు తీసేస్తే సరుకు తీసుకుంటాడు. మూటలను స్టేషన్ నుంచి విడిపించి బ్రాంచి వెనక వరండాలో పెట్టిస్తారు, దానికి వీళ్ళ సంతకం ఉంటే చాలు. పొట్టి అయినందుకు ధర తగ్గిస్తామని వీళ్ళ తరఫున నేనే టెలిగ్రాం రాశాను.

వాళ్ళను మా నాన్న కాజీపేటలో రైలెక్కించాడు. నేనూ వెళ్ళాను. ఆమె దగ్గర ఒక సంచిలో జొన్నరొట్టెలు, ఇంకో చిన్న సంచిలో రెండు కత్తెరలు, పెద్ద సూది, ఒక పంజా. కిటికీ పక్కన కూర్చుని, "గోదారి మీదికెల్లి పోతదటగద బండి? పైస ఏస్త. మీ పేరు మీద గూడ ఏస్త బిడ్డా," అంది. ఆయన బండి కదిలినప్పుడు మా నాన్నకు దండం పెట్టాడు. నేను ఎప్పుడూ కాగితాలనే పంపినదాన్ని, మొదటిసారి మనుషుల్ని పంపాను. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఏడ్చాను. నాన్న బోగీల నంబర్లు చూస్తున్నట్టు నటించాడు.

వాళ్ళు ఇటార్సీలో ఆ పని చేసిన రోజు నేను వరంగల్లులో నా సీట్లోనే ఉన్నాను. ఆ రోజు గురించి చెప్పడానికి నాకు ఏ హక్కూ లేదు, నేను అక్కడ లేను. అయినా నా ఉద్యోగంలో నేను కళ్ళారా చూసిన వేల రోజులకంటే చూడని ఆ ఒక్క రోజే నాకు బాగా కనబడుతుంది. వరండాలో ఎండ ఏ రాయి దాకా వచ్చిందో చెప్పగలను. గోనె విప్పినప్పుడు వచ్చిన రంగు వాసన, నూలు వాసన చెప్పగలను. బయట ఇంజన్లు నీళ్ళు పట్టుకుంటున్న చప్పుడు, ఎవరో టీ గ్లాసులు తెచ్చి పెట్టి వెళ్ళడం, టీ చల్లారిపోవడం, అన్నీ.

మా బ్రాంచిలో కూడా ఆ రోజు మామూలుగా లేదు. మేనేజర్ గారు మాటిమాటికీ బయటికి వచ్చి గడియారం చూసి లోపలికి వెళ్ళారు. నేను నా ముందున్న కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ అయ్యాక హెడ్‌క్లర్క్ గారు తన కుర్చీ లాక్కుని నా బల్ల దగ్గరికి వచ్చారు. పెన్సిలు టకటకలాడించలేదు. కాసేపు కిటికీలోంచి బయటికి చూసి, మెల్లగా, "ఇటార్సీల ఏమైతాందమ్మా?" అని అడిగారు.

ఆటపట్టిస్తున్నారేమోనని ఆయన ముఖం చూశాను. నిజంగానే అడుగుతున్నారు.

"కుచ్చులు కోస్తాన్రు సార్," అన్నాను.

"ఆయన కోస్తాండా? ఆమెనా?"

"ఆమె. ఆయన గోడ దిక్కు తిరిగి కూసున్నడు."

"ఊఁ. కూసుంటడు." ఆయన తలాడించారు. "మల్ల?"

నేను చెప్పుకుంటూ పోయాను. ఆయన వింటూ కూర్చున్నారు. కౌంటర్ దగ్గరికి ఎవరో వచ్చి పిలిస్తే, "జర ఆగు భాయ్, బండి ఇంక రాలే," అని చేయి ఊపారు. మా ఇద్దరి ఉద్యోగాల్లో అంత పనిలేని మధ్యాహ్నం ఇంకోటి లేదు. అంతగా పనిచేసినట్టు అనిపించిన మధ్యాహ్నం కూడా ఇంకోటి లేదు.

ఆ తర్వాత చాలా జరిగాయి. మూడిళ్ళవాళ్ళు మళ్ళీ సేటు నూలు ముట్టలేదు. ఇటార్సీ నుంచి, అక్కడి నుంచి తెలుసుకుని ఇంకో రెండు ఊళ్ళ నుంచి వాళ్ళకు నేరుగా ఆర్డర్లు వచ్చేవి, నేను ఆ కాగితాలు పంపేదాన్ని. నేను ఆఫీసరునయ్యాను, ఊళ్ళు తిరిగాను, బిల్లుల సీటు క్రమంగా చిక్కిపోయి చివరికి లేకుండా పోయింది. లారీలు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. బ్యాంకు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే వడ్డీలు, అప్పులు అని అందరూ చెప్పే జవాబే నేనూ చెప్పాను. శిక్షణ తరగతుల్లో పిల్లలకు పాఠాలు చెప్పమంటే కూడా అదే చెప్పాను. ఇది మాత్రం ఎక్కడా చెప్పలేదు, ఏ పాఠంలో పెట్టాలో తెలియక.

అప్పట్లో ఇటార్సీ నుంచి 'సొమ్ము చెల్లించారు' అన్న కాగితం వచ్చిన రోజే, ప్రయాణపు బడలికతో, రైలు దిగిన బట్టలతోనే, వాళ్ళిద్దరూ బ్యాంకుకు వచ్చారు. వాళ్ళు రావడానికి కొంచెం ముందే నేను ఆ కాగితం విప్పాను. మార్జిన్లో పెన్సిలుతో ఇలా ఉంది: 'పూర్తి సొమ్ము కట్టాడు. మీరు తగ్గిస్తామన్న ధర తీసుకోలేదు. ఆఖరి జంపఖానా నుంచి పేరు అతనే స్వయంగా తీశాడు. అప్పుడు ఆ అమ్మ అతనితో ఏదో అంది. మీ వైపు హిందీ, నాకు అందలేదు. అతను చాలాసేపు ఏడ్చాడు. ఆ నూలు పోగులన్నీ రుమాలులో కట్టుకుని, నర్మదలో కలుపుతానని వెళ్ళాడు. ఆమె ఏమందో అడిగి నాకు రాయగలరా?'

ఆమెను నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాను. మంచినీళ్ళు తాగింది. ఆయన పక్కనే నిలబడ్డాడు. హెడ్‌క్లర్క్ గారు తన కుర్చీని ఇటు తిప్పుకున్నారు.

"పెద్దమ్మా, ఆయనతోని ఏమన్నవు?"

"ఎవలతోని?"

"షాపాయనతోని. ఆఖరుది ఆయనే తీసిండట గద."

"ఓ, గదా," అంది ఆమె. చేతులు చూసుకుంది. గోళ్ళు చిట్లి ఉన్నాయి. "పొద్దటి సంది వచ్చి నిలవడ్డడు. చెప్పులు బయట ఇడిసిండు. నేను కోసుకుంట, గుంజుకుంట పోతాన. ఒక్కటి మిగిలిందనంగ, అమ్మా, జర జరుగు, ఇది నేను తీస్త, అన్నడు. కొడుకు గద బిడ్డా, కాదంటనా? జరిగిన. నా పక్కపొంటి కింద కూసున్నడు. గుంజుతాండు, గుంజుతాండు, వస్తలేదు. ఏలు కోసుకపోయింది. నా దిక్కు సూసి అడిగిండు, ఇంత గట్టిగ ఎందుకు నేసిన్రమ్మా, అని."

"నువ్వేమన్నవు?"

"ఏమంట? పేరు గదయ్యా, ఊడిపోవద్దని కొట్టినం, అన్న."